అఖండ సన్నిధి

తొలి రోహిణి, మంగళవారం

ఆర్డరు వచ్చింది. గురువారం నుంచి అందరూ ఒంటితో ఆఫీసుకు రావాలట. "ఒంటితో" అన్న మాట వాళ్ళదే. ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చుని మేం దేనితో పని చేశామో మరి.

ఈ విధానానికి "సన్నిధి" అని పేరు పెట్టారు. పైడిరాజు పొద్దున్నే ఫోన్ చేశాడు. పక్క బ్లాకులో తల్లితో ఉంటాడు. మేమిద్దరం మేఘాల మళ్ళింపులో పని చేస్తాం. ఏ మండలానికి ఏ మేఘం పంపాలో లెక్క వేస్తాం. ఆ లెక్క మంచం మీద కూర్చుని వేసినా అంతే, టవరులో కూర్చుని వేసినా అంతే.

"గురూగారూ, సన్నిధికి ఏటి పట్టుకెళ్ళాలి? కొబ్బరికాయా, అరటిపళ్ళా?"

"ఐసు పట్టుకెళ్ళు."

"దర్శనం ఉచితవేనా?"

"వెళ్ళేటప్పుడు ఉచితమే. తిరిగి రావడమే కష్టం."

నవ్వబోయి ఆగిపోయాడు. నేను ఎవరి గురించి అన్నానో అతనికి గుర్తొచ్చింది. నేను కావాలని అనలేదు. నోటికి అలా వచ్చింది.

ఒకప్పుడు రోహిణి కార్తె రెండు వారాలేనట. ఇప్పుడు తొలి, నడి, మలి అని మూడు రోహిణులు. బయటికి వెళ్ళాలంటే చలికోటు వేసుకోవాలి. కోటు నిండా జేబులు, జేబుకో ఐసు బిళ్ళ. బిళ్ళలు కరిగేలోపు నీడకు చేరాలి. మేకుకు రెండు కోట్లు వేలాడుతున్నాయి. నాదొకటి, నా భార్య సువర్చలది ఒకటి.

బిళ్ళలు కరిగిన నీళ్ళు ఆమె కరివేపాకు మొక్కకు పోసేది. ఇప్పుడు నేను వాడకపోయినా బిళ్ళలు గడ్డకట్టిస్తున్నాను. కరగనిచ్చి మొక్కకు పోస్తున్నాను. దానికి ఆ నీళ్ళే అలవాటు.


తొలి రోహిణి, గురువారం

టవరు గుమ్మంలో గడప ఉంది. అది యంత్రం. మనిషి దాటితే "చెప్పండి" అంటుంది. వచ్చేవాడు "వచ్చాను" అనాలి. వెళ్ళేవాడు "వెళ్తున్నాను" అనాలి. అప్పుడు "మళ్ళీ ఎప్పుడు వస్తారు?" అని అడుగుతుంది. టైము చెప్పాలి. గొంతును బట్టి మనిషిని గుర్తుపడుతుంది. జనం అప్పుడే దానికి గడపమ్మ అని పేరు పెట్టేశారు.

పోయినేడు మలి రోహిణిలో దీన్ని ప్రారంభించారు. మొదటి అడుగు ఒక ముత్తైదువ చేత వేయించాలని పైవాళ్ళ ముచ్చట. ఊళ్ళకు వాన ప్రకటనలు రాసేది, చదివేది సువర్చల. ఆమె గొంతు అన్ని మండలాలకూ తెలుసు. అందుకని ఆమెను పిలిచారు. ముహూర్తం మిట్టమధ్యాహ్నం పడింది.

"కొత్త కోడలిలా కుడికాలు పెట్టమన్నారు," అని నవ్వింది ఇంటికి వచ్చాక. మజ్జిగ అడిగింది. తాగలేదు. మర్నాడు లేవలేదు. వడదెబ్బ.

ఆ తర్వాత ఎండ ఎక్కువగా ఉందని సన్నిధిని ఏడాది వాయిదా వేశారు.

నా సీటు ఏడో అంతస్తులో. ఎవరూ వాడని అంతస్తు, ఏడాదిగా మూసి ఉంది. దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, మనుషులు కూర్చున్న కొద్దీ. ఎవరూ కూర్చోని ఒక సీటు దగ్గర దీపం ముందే వెలుగుతోంది. పైన గాలి సన్నగా వీస్తోంది. కింద కాళ్ళు పెట్టుకునే పీట పైకి లేచి ఉంది. సువర్చల పొట్టి మనిషి. ఎక్కడ కూర్చున్నా కాళ్ళ కింద పీట అడిగేది.

బల్ల మీద ఆమె పేరు. పేరు పక్కన పచ్చచుక్క. లోపల ఉంది అని.

పైడిరాజు కూడా చూశాడు. వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి ఒకటి నాకిచ్చాడు.

సాయంత్రం అందరూ ఒకేసారి బయలుదేరారు. "వస్తాం గడపమ్మా", "వస్తానమ్మా", "పొద్దున్నే వస్తాంలే తల్లీ". వరసగా చెప్పి వెళ్ళిపోయారు. నా వంతు వచ్చింది. ఆమె పోయాక నేను ఎవరికీ "వస్తాను" అని చెప్పలేదు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు. గోడ మీద ఏం రాసి ఉందో అదే చదివాను.

"వెళ్తున్నాను."

"మళ్ళీ ఎప్పుడు వస్తారు?"

"రేపు పదింటికి."

వెనకనున్న ఒకావిడ "అయ్యో, అదేం మాటండీ" అంది.


నడి రోహిణి, సోమవారం

మేనేజరు నఫీసా పిలిచింది. నాకంటే పదేళ్ళు చిన్నది. మొహమాటంగా కూర్చుంది.

"ముకుందం గారూ, మీ సన్నిధి చాలా తక్కువగా ఉందని పైనుంచి హెచ్చరిక వచ్చింది."

"రోజూ వస్తున్నాను."

"నాకు తెలుసండీ. నేను రోజూ చూస్తున్నాను కదా. ఈ అంతస్తులో ఇప్పుడు వస్తున్నది మీరూ నేనే."

అది నిజం. వారం నుంచి ఎవరూ రావడం లేదు. కారణం పైడిరాజు. అతనికి జ్వరం వచ్చి రెండు రోజులు ఇంట్లో పడుకున్నాడు. మూడో రోజు "చక్కని సన్నిధి, అభినందనలు" అని సందేశం వచ్చింది. అతను ఆలోచించాడు. గడపను చేసినవాళ్ళు మన వాళ్ళు కారు. నిఘంటువు చూసి నేర్పారు. "వస్తాను" అంటే రాక. సాయంత్రం "వస్తానమ్మా" అని బయటికి నడిచిన ప్రతి మనిషినీ అది అప్పుడే లోపలికి వచ్చినట్టు గుర్తుపెట్టుకుంది.

"మరి 'వెళ్తున్నాను' అని ఎవడంటాడు గురూగారూ?" అన్నాడు పైడిరాజు ఫోన్లో. "మా ఇంట్లో ఆ మాటంటే మా యమ్మ నోటి మీద కొడతాది. పోయేవోడిలాగ ఏటా మాట, ఎల్లొస్తానను అంటాది. ఇప్పుడు చూడండి. అమ్మ పెంపకం వల్ల ఉద్యోగం నిలబడింది."

విషయం కాలనీ అంతా పాకింది. అందరూ ఒక్కసారి టవరుకు వెళ్ళి, "వస్తాను" అని చెప్పి, ఇంటికొచ్చి పడుకున్నారు. అందరికీ పచ్చచుక్కలే. రోజూ ఎండలో వచ్చి రోజూ "వెళ్తున్నాను" అని చెప్పే నా ఒక్కడికే ఎర్రచుక్క.

"మీరు కూడా అలాగే అనేసి ఇంట్లో ఉండొచ్చు కదండీ," అంది నఫీసా. "నేనేం రాయను."

ఉండొచ్చు. ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఇక్కడా కూర్చోలేకపోతున్నాను. ఒక మేఘం లెక్క మొదలుపెడతాను, సగంలో లేచి కిటికీ దాకా నడుస్తాను, తిరిగి వచ్చి మళ్ళీ మొదలుపెడతాను. మొన్న పాతపట్నం వెళ్ళాల్సిన మేఘాన్ని సముద్రం మీదికి పంపేశాను. నఫీసా చూసి వెనక్కి తిప్పింది.

మధ్యాహ్నం అన్నం ఆ సీటు పక్కన కూర్చుని తింటున్నాను. అక్కడ గాలి కొంచెం వెచ్చగా వీస్తుంది. ఆమెకు చలి ఎక్కువ. మొదటి అడుగు వేసిన రోజున ఒక గంట కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ఆ గంటలో గాలి తగ్గించమని అడిగి ఉంటుంది. టవరు గుర్తు పెట్టుకుంది.


నడి రోహిణి, శనివారం

ఉద్యోగులందరికీ సందేశం వచ్చింది. ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అఖండ సన్నిధి పురస్కారం ఈ ఏడాది శ్రీమతి సువర్చలకు. ఏడాది పొడవునా ఒక్క క్షణం కూడా టవరును వీడని ఆమె నిష్ఠ మనందరికీ ఆదర్శం."

కింద చప్పట్లు. అవి వాటంతటవే పడతాయి.

పైడిరాజు ఫోన్లో బూతులు తిట్టాడు. అతను తిడుతుంటే నేను విన్నాను. నాకు కోపం రాలేదు. నేను ప్రారంభం రోజు సాయంత్రం గురించి ఆలోచిస్తున్నాను. నీడదారి చివర ఆమె కోసం నిలబడి ఉన్నాను. టవరు నుంచి కాలనీ దాకా కప్పు వేసిన దారి అది. ఆమె బయటికి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, గడపతో ఏదో అంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాను.

"పాపం, రోజంతా అందరినీ పలకరించింది. చెప్పకుండా వస్తే బాగుండదు కదా. వస్తానమ్మా అని చెప్పాను."

అదీ సంగతి.

ఆమె పోయిందని కంపెనీకి అప్పుడే తెలియజేశాను. జవాబు యంత్రం నుంచి వచ్చింది. "మీరు చెప్పిన ఉద్యోగి టవరు లోపలే ఉన్నారు. బయటికి వెళ్ళని ఉద్యోగి బయట మరణించే అవకాశం లేదు." మళ్ళీ రాయలేదు.

నఫీసా సాయంత్రం నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పైవాళ్ళతో మాట్లాడి ఆ పేరు తీయిస్తానండీ. క్షమించండి."

"వద్దు."

"పురస్కారం పేరుతో అలా..."

"పురస్కారం తీసెయ్యండి. దీపం ఉండనివ్వండి."

ఆమె ఆ సీటు వైపు చూసింది. తర్వాత నా అన్నం డబ్బా ఎక్కడుందో చూసింది.

"సరేనండీ," అంది. "నాకేం తెలియదు. నేనేం చూడలేదు."


మలి రోహిణి, బుధవారం

ఈ ఒక్క రోజు గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

ఉదయం పదకొండింటికి కాలనీకి కరెంటు పోయింది. ఎండకు తీగలు సాగి తెగిపోయాయట. కాలనీ కింద చల్లగది ఉంది. ఇలాంటప్పుడు ముసలివాళ్ళు, పిల్లలు, ఒంట్లో బాగాలేనివాళ్ళు అక్కడికి చేరతారు. టవరులోని కూలింగ్ ప్లాంటు నుంచి అక్కడికి గొట్టం ఉంది. ప్లాంటు ఒక్కటే. టవరులో మనుషులుంటే గాలి టవరుకే. ఎవరూ లేకపోతేనే చల్లగదికి మళ్ళుతుంది. ఆ నియమం మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు.

నఫీసా, నేను బయటికి వచ్చేశాం. ఇద్దరం "వెళ్తున్నాను" అన్నాం. గాలి మళ్ళలేదు. గడప పక్కనున్న పలక మీద లోపల ఉన్నవాళ్ళ లెక్క కనిపిస్తుంది. మూడువందల పన్నెండు మంది.

"చేత్తో మళ్ళించలేమా?" అన్నాను.

"లోపల మనుషులుండగా గాలి ఆపడానికి ఒప్పుకోదండీ. అది హత్య కింద లెక్క."

"కాలనీ వాళ్ళనే టవరులోకి రానిస్తే?"

"పేరు లేనివాళ్ళకు తలుపు తెరుచుకోదు. అయినా ఆ ముసలివాళ్ళు నీడదారిలో ఇంత దూరం నడవగలరా?"

పైవాళ్ళకు ఫోన్ చేసింది. రేపు ఉదయం సమావేశంలో చర్చిస్తామన్నారు.

ఇక మిగిలింది ఒకటే. "వస్తాను" అని చెప్పి వెళ్ళిన ప్రతివాడూ వచ్చి, "వెళ్తున్నాను" అని చెప్పాలి. నఫీసా అందరికీ ఫోన్లు చేసింది. కాసేపట్లో నీడదారి నిండింది. చలికోట్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది పైడిరాజు. అతని తల్లి చల్లగదిలో ఉంది.

"ఒళ్ళు పేలిపోతంది గురూగారూ. మాటాడట్లేదు."

"చెప్పు ముందు."

అతను గడప ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు.

"అమ్మ అలగుంటే ఆ మాట ఎలాగ అనీది?"

"అనకపోతే గాలి రాదు."

"వెళ్తున్నాను," అన్నాడు కళ్ళు మూసుకుని. "రేపు పదికి." పలక మీద లెక్క ఒకటి తగ్గింది. పక్కకు జరుగుతూ చేతులు జోడించి, "మళ్ళీ వస్తాను తల్లీ, వస్తాను" అని గొణిగాడు. లెక్క మళ్ళీ ఒకటి పెరిగింది.

"ఒరేయ్!" అని వెనకనుంచి పది గొంతులు.

అతనొక్కడే కాదు. ప్రతి ముగ్గురిలో ఒకరు అదే పని చేశారు. "వెళ్తున్నాను" అనడం, భయపడటం, చెంపలేసుకుని "వస్తాను" అనడం. ఒకాయన దండం పెట్టి "పోయొస్తాను" అన్నాడు, గడపకు అది బొత్తిగా అర్థం కాలేదు. ఒకావిడ పక్కావిడ నోరు చేత్తో మూసి పట్టుకుని దూరంగా లాక్కెళ్ళింది. ఆ ఎండలో, అంత కంగారులో, జనం నవ్వారు కూడా. చివరికి నఫీసా గడపకు ఆనుకుని నిలబడి, మాట చెప్పిన ప్రతివాడి నోట్లో ఒక ఐసు ముక్క పెట్టడం మొదలుపెట్టింది.

"మింగకండి, దారి దాటేదాకా చప్పరిస్తూ ఉండండి," అంది.

అది పని చేసింది. రెండొందలు. నూరు. నలభై. తొమ్మిది.

ఒకటి.

ఎవరిదని ఎవరూ అడగలేదు. అందరూ పలక వైపు చూశారు. నా వైపు ఎవరూ చూడలేదు. నఫీసా చేతిలో ఐసు కరిగిపోతోంది. పైడిరాజు "గురూగారూ" అని ఆగాడు. నోట్లో ఐసు ఉంది. దాన్ని ఉమ్మేశాడు.

"ఇంటి మనిషి చెప్తే వింటుంది," అంది నఫీసా చాలా నెమ్మదిగా. "ఆవిడకు ఇంటి మనిషిగా గడపలో మీ గొంతే నమోదై ఉంది."

గడప దగ్గరికి నడిచాను.

"చెప్పండి."

"సువర్చల గురించి," అన్నాను. "ఆమె చనిపోయింది."

"అర్థం కాలేదు. వచ్చారా, వెళ్తున్నారా?"

సువర్చల వాన ప్రకటనల్లో ఒక నియమం పెట్టుకుంది. ఏ ఊరికీ "వాన వెళ్ళిపోయింది" అని రాయదు. "ఇంకేమని రాస్తావు, వెళ్ళిందిగా" అనేవాడిని. "చూసేవాళ్ళకు తెలుసు కదా, మనం ఎందుకు అనడం" అనేది. ఇద్దరం దాని మీద పెళ్ళైన కొత్తలో ఒక పూటంతా పోట్లాడుకున్నాం.

"వెళ్ళింది," అన్నాను.

"సువర్చల గారు మళ్ళీ ఎప్పుడు వస్తారు?"

అందరినీ అడిగే ప్రశ్నే. నన్నూ ఇన్నాళ్ళు రోజూ అడిగింది.

నా వెనక నీడదారిలో ఎవరూ కదల్లేదు. కోట్ల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. "అర్థం కాలేదు" అనబోతున్నట్టు గడప లోపల చిన్న చప్పుడైంది.

"రాదు," అన్నాను.

పలక ఖాళీ అయింది. కాళ్ళ కింద గొట్టంలో పెద్ద చప్పుడు మొదలై, కాలనీ వైపు దూరంగా సాగిపోయింది. జనం ఆ చప్పుడు వెంటే పరిగెత్తారు. నేను తల ఎత్తి ఏడో అంతస్తు కిటికీలు చూశాను. దీపం ఆరిందో లేదో ఆ ఎండలో కనిపించదు.

నఫీసా నా చేతిలో ఒక ఐసు ముక్క పెట్టింది. ఎందుకో తెలియక అలాగే పట్టుకుని నడిచాను.


మలి రోహిణి, గురువారం

పైడిరాజు తల్లి లేచి కూర్చుంది. నన్ను పిలిపించింది.

"నా కొడుకు చేత ఆ మాట అనిపించినారట కదా బాబూ."

"అనిపించామమ్మా."

"నువ్వూ అన్నావట."

"అన్నాను."

ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వదిలాక, "అంబలి తాగెల్లు" అంది. తాగాను.


మృగశిర, శుక్రవారం

మొదటి మేఘాలు వచ్చాయి.

కంపెనీ కొత్త ఆర్డరు పంపింది. వచ్చే వారం నుంచి అందరికీ "నిష్క్రమణ పద శిక్షణ". "వెళ్తున్నాను" అని స్పష్టంగా, సంకోచం లేకుండా పలకడం మూడు పూటలు నేర్పుతారట. నాకు మినహాయింపు ఇచ్చారు. నా ఉచ్చారణ బాగుందట.

నఫీసాకు ఫోన్ చేసి నేను రానని చెప్పాను.

"శిక్షణకా?"

"టవరుకి."

"ఉద్యోగం..."

"పని ఇక్కడి నుంచి చేస్తాను. తీసుకుంటే తీసుకోండి, లేకపోతే లేదు."

"నా గదిలో కూలర్ ఆపేస్తున్నాను," అంది. "నేనూ ఇంటికి వెళ్తున్నాను. వెళ్ళొస్తున్నాను. ఛ, ఏదో ఒకటి." తర్వాత ఒక మాట అడిగింది. సువర్చల పోయాక వాన ప్రకటనలు యంత్రం రాస్తోంది. ఊళ్ళవాళ్ళు వినడం మానేశారు. ఈ మొదటి వానకైనా మనిషి రాస్తే బాగుంటుందని.

యంత్రం రాసింది చూశాను. "పాతపట్నం మండలంలో వర్షం ముగిసింది. మేఘం వెళ్ళిపోయింది." కొట్టేశాను. చాలాసేపు కూర్చున్నాను. లేచి నడిచాను. మళ్ళీ కూర్చుని రాశాను. "పాతపట్నం వాళ్ళకు కబురు. వాన వెళ్ళొస్తానంది."

పంపాను.

మేఘాల్ని కిందికి వెళ్ళి చూడాలనిపించింది. కోటు అక్కర్లేని రోజు. కరిగిన బిళ్ళల నీళ్ళు మొక్కకు పోశాను. తలుపు వేసి తాళం పెట్టాను. రెండు మెట్లు దిగాను. పైన మా తలుపు మూసి ఉంది. వెనక్కి ఎక్కాను. తాళం తీసి, తలుపు తెరిచి, గడప ఇవతలే నిలబడి లోపలికి చూశాను.

"వస్తా," అన్నాను.

తాళం వేసి దిగాను.